వాన లెక్కలో తేదీ ఉదయం 8.30కి మారుతుంది

జూన్ 22న ఎంత వాన పడిందని డేటాబేస్‌ను అడిగే ముందు, 22 అంటే ఏ గంట నుంచి ఏ గంట దాకానో తేల్చుకోవాలి. భారత వాతావరణ శాఖ లెక్కలో అది 21 ఉదయం 8.30 నుంచి 22 ఉదయం 8.30 వరకు. కొలత తీసిన రోజు తేదీయే ఆ వానకు వేస్తారు. పేపర్లో ‘బుధవారం ఉదయం 8.30 గంటల వరకు నమోదైన వర్షపాతం’ అని వచ్చేది ఇదే. 21 రాత్రి 8కి మొదలై తెల్లవారుజామున 2 దాకా కురిసిన వానంతా 22 ఖాతాలోకే వెళ్తుంది. అదే 80 మి.మీ. అయితే భారీ వర్షం, ఎందుకంటే భారీ అనే మాట 64.5 మి.మీ. నుంచి మొదలవుతుంది. అర్ధరాత్రి దగ్గర కోసి నలభై, నలభై చేస్తే రెండు రోజులూ మోస్తరు వానలుగా మిగులుతాయి.

మన 8.30 అంటే యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) సరిగ్గా 3 గంటలు. సర్వర్ యూటీసీలో ఉండి, మామూలుగా రోజువారీ గ్రూప్ చేస్తే వచ్చే ‘రోజు’ మన గడియారంలో ఉదయం 5.30 నుంచి మర్నాడు 5.30 దాకా. పైగా దానికి మొదలైన రోజు తేదీ పడుతుంది, వాతావరణ శాఖది ముగిసిన రోజు తేదీ. సీజన్ మొత్తం దాదాపు కలిసిపోతుంది కాబట్టి ఈ తప్పు చాలాకాలం దొరకదు. రోజువారీ పట్టికను అధికారిక పట్టిక పక్కన పెడితేనే ఒక రోజు జరిగి ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇక అసలు చిక్కు 8.30 వరస (డేటాబేస్ టేబుల్‌లో ఒక కొలత ఉండే అడ్డు వరస) దగ్గరుంది. పావుగంటకోసారి కొలత పంపే ఆటోమేటిక్ వాన స్టేషన్‌లో 8.30 టైమ్‌స్టాంప్ (వరస మీద పడే సమయం) సాధారణంగా 8.15 నుంచి 8.30 మధ్య పడిన వానను చెబుతుంది. అంటే అది ముగుస్తున్న రోజుది. ప్రోగ్రామర్లకు అలవాటైన పద్ధతి, మొదలు కలుపుకుని చివర వదిలేయడం, ఇక్కడ తిరగబడాలి: నిన్నటి 8.30 కంటే పెద్దది, ఇవాళ్టి 8.30 కంటే పెద్దది కానిది. ఎస్‌క్యూఎల్‌లో రెండు హద్దుల మధ్య వెతికే బిట్వీన్ వాడితే రెండు చివరలూ కలుస్తాయి, ఆ ఒక్క వరస రెండు రోజుల్లోనూ లెక్కకు వస్తుంది.

కొన్ని లాగర్లు (స్టేషన్‌లో కొలతలు నమోదు చేసే పరికరాలు) పావుగంట వానను కాకుండా 8.30 నుంచి కూడుకుంటూ వచ్చిన మొత్తాన్ని పంపి, 8.30 దాటాక సున్నా చేస్తాయి. వీటికి రోజులో గరిష్ఠ విలువే ఆ రోజు వాన. ఇక్కడ హద్దు తప్పితే నష్టం ఘోరం: నిన్నటి పూర్తి మొత్తం మోస్తున్న 8.30 వరస ఇవాళ్టి కిటికీలో (లెక్కకు తీసుకునే వ్యవధిలో) పడి, చినుకు లేని రోజుకు కూడా 80 మి.మీ. చూపిస్తుంది. వరసగా రెండు రోజులు ఒకే అంకె కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో తేలికైన దారి: టైమ్‌స్టాంప్‌ను దగ్గరి పావుగంటకు సర్ది, యూటీసీలోకి తెచ్చి, 20 గంటల 45 నిమిషాలు కలిపి, తేదీ మాత్రం తీసుకోండి. యూటీసీ 3.00 వరస అదే తేదీ 23.45 అవుతుంది, 3.15 వరస మర్నాటి 0.00 అవుతుంది. సర్దకపోతే 3.15కి బదులు రెండు సెకన్ల ముందు, 3.14.58 అని పడిన వరస కూడా పాత తేదీలోనే ఉండిపోతుంది. టైమ్‌జోన్ రాయాల్సి వస్తే ‘ఏషియా/కోల్‌కతా’ అని పేరే ఇవ్వండి. ‘యూటీసీ+5:30’ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ దాన్ని పోసిక్స్ అనే ప్రమాణం పద్ధతిలో (అందులో ప్లస్ అంటే పడమర) చదివి పడమటి వైపు లెక్కిస్తుంది, 11 గంటల తేడా వస్తుంది.

ఈ కూడిక గ్రూప్ చేసేచోట మాత్రమే ఉండాలి. వడపోత షరతులో కాలమ్‌ను ఫంక్షన్‌లో చుట్టితే, దాని మీదున్న మామూలు ఇండెక్స్ (వరసలను త్వరగా వెతికిపెట్టే సూచిక) పనికిరాదు. హద్దులను ముందే యూటీసీలో లెక్కగట్టి ఉత్త కాలమ్‌తో పోల్చండి. నైరుతి సీజన్ జూన్ 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కావాలంటే కిటికీ మే 31 ఉదయం 8.30కి తెరుచుకుని సెప్టెంబర్ 30 ఉదయం 8.30కి మూసుకుంటుంది: 122 రోజులు, స్టేషన్‌కు 11,712 వరసలు.

సమయంతో వచ్చే కొలతల కోసం చేసిన డేటాబేస్ ఇన్‌ఫ్లక్స్‌డీబీ 2లో, దాని ప్రశ్నల భాష ఫ్లక్స్ రాసేవారికి కొంత కలిసొస్తుంది. కిటికీల వారీగా మొత్తం కట్టే అగ్రిగేట్‌విండో ఫలితం మీద మామూలుగా కిటికీ ముగింపు సమయమే పడుతుంది, కాబట్టి ఒక రోజు కిటికీకి 3 గంటల ఆఫ్‌సెట్ (మొదలు జరపడం) ఇస్తే తేదీ వాతావరణ శాఖ పద్ధతితో కలుస్తుంది. అయితే ఏ సమయం నుంచి ఏ సమయం దాకా డేటా కావాలో చెప్పే రేంజ్‌లో చివరి హద్దు లెక్కలోకి రాదు. అందుకే యూటీసీ 3.15 నుంచి 3.15 దాకా రేంజ్ తీసుకుని, సమయాలను జరిపే టైమ్‌షిఫ్ట్‌తో పావుగంట వెనక్కి జరిపి, ఆ తర్వాతే కిటికీలు కట్టాలి.

మొత్తంతో పాటు ఎన్ని వరసలు వచ్చాయో కూడా ప్రతి రోజుకూ తీయండి. 96కి 96 ఉండి మొత్తం సున్నా అయితే అది పొడి రోజు. వరసలే లేకపోతే ఖాళీగానే వదలాలి. దాన్ని సున్నా చేసేస్తే సిగ్నల్ పోయిన వాన రాత్రి కాస్తా కరవు రోజుగా మారుతుంది. కూడుకుంటూ వచ్చే కౌంటర్‌లో మధ్య వరసలు పోయినా చివరిది ఉంటే చాలు, పావుగంట విలువల్లో పోయిన వాన పోయినట్టే. తుపానుల్లో నెట్‌వర్క్ పడిపోయి వరసలు రెండు మూడు రోజులు ఆలస్యంగా చేరడం మామూలే. రోజువారీ మొత్తాలను వేరే టేబుల్‌లో దాచేవారు ఇవాళ్టి ఒక్కరోజునే కాక, కనీసం వెనకటి వారం మొత్తాన్ని ప్రతి ఉదయం తిరిగి లెక్కించాలి. అదీ 8.30కి కాదు, 8.30 వరసలు స్టేషన్లన్నిటి నుంచీ చేరాక.