తెరమీద తెలుగు చెడితే ముందు చూడాల్సింది ఫాంట్ కాదు

తెలుగు సరిగా కనబడకపోతే చాలామంది ముందు ఫాంట్ మారుస్తారు. దానికంటే ముందు అక్షరం ఏ రకంగా చెడిందో చూడాలి. గళ్లు, పిచ్చి అక్షరాలు, ప్రశ్నార్థకాలు: మూడింటికీ కారణాలు వేరు. మొదటి రెండిట్లో మీ రాత సాధారణంగా భద్రంగానే ఉంటుంది, మూడోదానిలో ఉండదు.

ఖాళీ గళ్లు వస్తే తేలికే. ఆ యంత్రంలో తెలుగు ఫాంట్ లేదు. నోటో సాన్స్ తెలుగు వేసుకుంటే సరిపోతుంది.

పిచ్చి అక్షరాల దగ్గర కాస్త ఆగాలి. అక్షరాలను బైట్లుగా దాచే నేటి పద్ధతి (ఎన్‌కోడింగ్) యూటీఎఫ్-8. అందులో ప్రతి తెలుగు గుర్తుకూ (హల్లు, గుణింతం, పొల్లు ఒక్కోటీ ఒక్కో గుర్తు) 3 బైట్లు పడతాయి. మొదటి బైటు అన్నిటికీ ఒకటే, రెండోది రెండిట్లో ఒకటి. ఆ బైట్లను పాత పశ్చిమ యూరప్ ఎన్‌కోడింగ్‌గా చదివితే, నెత్తిన చిన్న గీత ఉన్న లాటిన్ ఎ, పక్కనే డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో వరసగా కనబడతాయి. ఆ జంట మళ్లీ మళ్లీ వస్తుంటే బైట్లు బాగానే ఉన్నాయి, చదివే తీరే తప్పు. ఆ స్థితిలో ఫైలును సేవ్ చేయకండి. చేస్తే పిచ్చి అక్షరాలే అసలు రాతగా స్థిరపడతాయి, విప్పడానికి రెట్టింపు పని.

వెబ్ పేజీ అయితే క్యారెక్టర్ సెట్ (అక్షరాలను ఏ పద్ధతిలో చదవాలో) చెప్పే మెటా ట్యాగ్ మొదటి 1024 బైట్లలోపే ఉండాలి. అదీ సరిగానే ఉంటే సర్వర్ పేజీతోపాటు పంపే హెడర్ (పేజీ గురించిన సమాచారం) చూడండి. రెండూ వేర్వేరుగా చెబితే బ్రౌజర్ హెడర్ మాటే వింటుంది. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు కూడా ఇదే గోల. ముందు ఖాళీ షీట్ తెరిచి, డేటా ట్యాబ్‌లోంచి ఫైలును దిగుమతి చేస్తూ ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 (యూటీఎఫ్-8) ఎంచుకోండి.

ఆ జంట గుర్తులు లేకుండా గజిబిజి లాటిన్ అక్షరాలే ఉంటే అది బహుశా అచ్చుపనికి వాడే అను వంటి పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినది. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్ కావాలి. మార్చాక వత్తుల్ని కళ్లతో సరిచూసుకోవాల్సిందే.

ప్రశ్నార్థకాలే నిజమైన నష్టం. తెలుగుకు చోటు లేని క్యారెక్టర్ సెట్‌లో సేవ్ అయినప్పుడు ఒక్కో గుర్తు స్థానంలో ఒక్కో ప్రశ్నార్థకం పడుతుంది. అసలు అక్షరం ఇక అందులో లేదు. బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలి, రాత ఉన్నది డేటాబేస్‌లో అయితే తెచ్చేముందు ఆ డేటాబేస్‌ను సరిచేయాలి. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్8 అని ఉన్నా చాలదు. అందులో ఒక్కో గుర్తుకు 3 బైట్లే చోటు. తెలుగు పడుతుంది, 4 బైట్ల ఇమోజీ పట్టదు. తప్పు డేటాను ఆపేసే స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే ఇమోజీ నుంచి కిందిదంతా తెగిపోతుంది. రాత సగంలో ఆగిపోతే ఆ చోట ఇమోజీ ఉండేదేమో గుర్తు తెచ్చుకోండి. యూటీఎఫ్8ఎంబీ4కు మారిస్తే ఈ బాధ ఉండదు.

కంటికి కనబడని చిక్కు ఇంకొకటి. "సాఫ్ట్‌వేర్"లో ట్ తర్వాత పక్క అక్షరాలు కలవకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఉంది. అది పోతే "సాఫ్ట్వేర్" అయి, వ వత్తుగా కిందికి దిగుతుంది. చదవడానికి ఇబ్బంది ఒక్కటే కాదు, చాలాచోట్ల వెతికినప్పుడు ఈ రెండూ వేర్వేరు మాటలు. ఒకటి దొరక్కపోతే రెండోది కూడా వేసి చూడండి.

వర్డ్‌ప్రెస్‌లో తెలుగు శీర్షిక పెడితే లింకు మధ్యలో తెగడానికీ ఆ 3 బైట్లే మూలం. లింకులో ఒక్కో బైటు 3 అక్షరాలవుతుంది, అంటే గుర్తుకు 9. "తెలుగు" అన్న మాటలో 6 గుర్తులు, కాబట్టి 54 అక్షరాలు. శీర్షిక నుంచి తయారయ్యే ఆ లింకు ముక్కను స్లగ్ అంటారు, దాని పరిమితి 200 అక్షరాలు. 22 గుర్తులు దాటితే మిగతాది పోతుంది. ప్రచురించక ముందే ఇంగ్లిష్ అక్షరాల్లో పొట్టి స్లగ్ రాసుకోవడం మేలు.

వత్తులు పై వరసకో కింది వరసకో తగులుతుంటే లైన్ హైట్ (వరస ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.6 నుంచి 1.8 మధ్య ఉంచండి. శీర్షికల్లో వత్తు అడుగు తెగితే ఆ డబ్బాకు ఇచ్చిన స్థిరమైన ఎత్తు తీసేయండి. ఇటాలిక్స్ వాడకండి. చాలా తెలుగు ఫాంట్లలో అవి లేవు, బ్రౌజర్ బలవంతాన వంచుతుంది, గుడులూ కొమ్ములూ వికారంగా ఒరిగిపోతాయి. నొక్కి చెప్పాలంటే బోల్డ్ చాలు.