కాస్కేడ్ కొండల్లో ఎదురైన నల్ల ఎలుగుబంటి

గత శరదృతువులో వాషింగ్టన్ రాష్ట్రంలోని కాస్కేడ్ పర్వతాల్లో, వేటాడిన జింకను మిత్రుడితో కలిసి కోస్తుండగా, 30 గజాల దూరంలో ఒక నల్ల ఎలుగుబంటి నిలబడి మమ్మల్ని చూస్తూ కనిపించింది. వేటగాడు అలికిడి లేకుండా, గాలికి ఎదురుగా నడుస్తాడు కాబట్టి ఎలుగుకు హఠాత్తుగా తారసపడే ప్రమాదం అతనికే ఎక్కువని, నెత్తుటి వాసన దానిని మరింత దగ్గరకు రప్పిస్తుందని నాకు అప్పుడే నిజంగా అర్థమైంది. గంటకు సుమారు 50 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే, చెట్లు అవలీలగా ఎక్కే జంతువు నుంచి పారిపోలేము. అందుకే చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ, బేర్ స్ప్రే (ఎలుగును తరమడానికి దాని ముఖం మీదకు చిమ్మే మిరపఘాటు డబ్బా) సిద్ధంగా పట్టుకుని మెల్లగా వెనక్కి జరిగాము. ఎలుగును చూసి ఊపిరి బిగబట్టి పడుకున్న స్నేహితుడి కథ చిన్నప్పుడు మనమందరం విన్నదే. కానీ నల్ల ఎలుగు మీద పడితే అలా పడుకోకూడదు, దాని ముఖం మీద, ముక్కు మీద కొడుతూ ఎదురు తిరగాలి. మాకు ఆ అవసరం రాలేదు. ఆ రాత్రి మాంసాన్ని గుడారానికి 100 గజాల అవతల, ఎత్తైన కొమ్మకు వేలాడదీశాము.