కణాలు గెలిచాయి, పెట్టె ఓడింది

2025లో వెర్టెక్స్ అనే ఒకే ఔషధ సంస్థ నుంచి మూడు నెలల తేడాతో రెండు ఫలితాలు వెలువడ్డాయి. ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాల నుంచి పెంచిన ఇన్సులిన్ కణాలను టైప్ 1 మధుమేహం ఉన్నవారికి ఎక్కిస్తే, పూర్తి మోతాదు తీసుకున్న 12 మందిలో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్ ఇంజెక్షన్ల అవసరమే లేకపోయిందని జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పత్రం చెప్పింది. ఇది పతాక శీర్షికలకు ఎక్కింది. అంతకు ముందు మార్చిలో, అవే కణాలను ఒక చిన్న పరికరంలో భద్రపరిచి శరీరంలో అమర్చిన మరో ప్రయోగాన్ని తగినంత ఇన్సులిన్ ఉత్పత్తి కాలేదన్న కారణంతో నిలిపివేస్తున్నట్లు వెర్టెక్స్ సంస్థ ప్రకటించింది. దీన్ని పట్టించుకున్నవారు తక్కువ. వైద్యశాస్త్రానికీ పదార్థశాస్త్రానికీ నడుమ ఇప్పుడు జరుగుతున్న అసలు పోరాటం ఈ రెండో వార్తలోనే ఉందని నా అభిప్రాయం. కణాలు అవే, వ్యాధి అదే. మారినవాటిలో ముఖ్యమైనది వాటి చుట్టూ ఉన్న పదార్థం.

టైప్ 1 మధుమేహంలో రోగనిరోధక వ్యవస్థ పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను తానే నాశనం చేస్తుంది. 1922లో మొదటి రోగికి ఇన్సులిన్ ఇచ్చిన నాటి నుంచి ప్రాణాలు నిలుస్తున్నాయి గాని, రక్తంలో చక్కెర ఎంతుందో క్షణక్షణమూ గమనించి అందుకు తగినంత ఇన్సులిన్‌ను మాత్రమే విడుదల చేసే బీటా కణం నేర్పు సూదికి రాదు. అందుకే పోయిన కణాలనే తిరిగి ఇవ్వాలన్న ఆలోచన పుట్టింది. 2000లో కెనడాలోని ఎడ్మంటన్ బృందం మరణించిన దాతల క్లోమం నుంచి వేరుచేసిన ఐలెట్లను, అంటే బీటా కణాలుండే చిన్న గుంపులను, కాలేయానికి వెళ్లే సిరలోకి ఎక్కించి ఏడుగురు రోగులను ఇన్సులిన్ నుంచి విముక్తులను చేసింది. అయితే ఒక్కో రోగికి ఒకరికి మించిన దాతల ఐలెట్లు కావలసి వచ్చాయి. ఐదేళ్ల తర్వాత చూస్తే, ఆ పద్ధతిలో చికిత్స పొందినవారిలో ఇన్సులిన్ లేకుండా ఉండగలిగినవారు సుమారు పది శాతమే. పైగా ఆ కణాలను శరీరం తిరస్కరించకుండా ఉండేందుకు రోగనిరోధక శక్తిని అణచే మందులు జీవితాంతం వాడాలి.

మూలకణాల మార్గం ఈ చిక్కుల్లో మొదటిదాన్ని, అంటే దాతల కొరతను, తీర్చింది. ప్రయోగశాలలో ఎన్ని కావాలంటే అన్ని కణాలను, ఒకే నాణ్యతతో పెంచవచ్చు. జిమిస్లెసెల్ అని పేరు పెట్టిన ఆ చికిత్సలో పూర్తి మోతాదు అందుకున్న 12 మందీ సొంతంగా ఇన్సులిన్ తయారుచేసుకున్నారు. ప్రాణాంతకంగా చక్కెర పడిపోయే ఘటనలు ఆగిపోయాయి. ఈ ఫలితాన్ని తక్కువ చేసి చూపడం నా ఉద్దేశం కాదు. కానీ రెండో చిక్కు, అంటే రోగనిరోధక శక్తిని అణచే మందుల అవసరం, అలాగే మిగిలింది. అదే ప్రయోగంలో పాల్గొన్న ఒకరు క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చిన మెదడు పొరల వాపుతో మరణించారు. సాధారణంగా బలహీనపడిన రోగనిరోధక వ్యవస్థ ఉన్నవారిలో కనిపించే ఇన్ఫెక్షన్ అది. ఇంజెక్షన్లతో వ్యాధిని బాగానే అదుపులో ఉంచుకోగలుగుతున్న ఒక పసివాడికి ఇలాంటి మందులు జీవితాంతం ఇవ్వడానికి ఏ వైద్యుడూ తొందరపడడు. అందువల్లనే ఈ చికిత్స ప్రస్తుతానికి తీవ్రంగా చక్కెర పడిపోతూ, పడిపోతున్న సంగతి కూడా తమకు తెలియనివారికే పరిమితమైంది.

మందులు లేకుండా కణాలను కాపాడే మార్గం ఉందా? ఉందని 1980లో ఫ్రాంక్లిన్ లిమ్, ఆంథొనీ సన్ అనే శాస్త్రవేత్తలు సైన్స్ పత్రికలో చూపించారు. వారు ఎలుకల ఐలెట్లను ఆల్జినేట్ గుళికల్లో పొదిగి మధుమేహమున్న ఎలుకలకు అమర్చితే, రెండు మూడు వారాలపాటు చక్కెర అదుపులో ఉంది. ఆల్జినేట్ అనేది గోధుమరంగు సముద్రపు నాచు నుంచి తీసే పదార్థం. కాల్షియం తగలగానే మెత్తని జెల్‌గా గట్టిపడుతుంది, కణాలకు హాని చేయదు.

ఈ ఆలోచనలోని అందమంతా పరిమాణాల లెక్కలో ఉంది. గ్లూకోజ్ అణుభారం 180 డాల్టన్లు (అణువుల బరువును కొలిచే ప్రమాణం), ఇన్సులిన్‌ది సుమారు 5,800, రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రధాన ప్రతిరక్షకానిది సుమారు 1,50,000. దాడి చేసే టి-కణాలైతే వీటితో పోల్చడానికే వీల్లేనంత పెద్దవి. కాబట్టి తగిన రంధ్రాలున్న జల్లెడను కణాల చుట్టూ కడితే గ్లూకోజ్ లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి పోతుంది, శత్రువులు బయటే ఆగిపోతారు. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన పరిష్కారం ఉండదు. అయినా నాలుగు దశాబ్దాలకు పైగా ఎందుకు కుదరలేదన్నదే ప్రశ్న.

మొదటి అడ్డంకి ఆక్సిజన్. క్లోమం బరువులో ఐలెట్ల వాటా ఒకటి రెండు శాతమే అయినా వాటికి చేరే రక్తం ఆ నిష్పత్తికి ఎన్నో రెట్లు ఎక్కువ; ప్రతి బీటా కణానికీ అతి సమీపంలో ఒక రక్తకేశనాళిక ఉంటుంది. పరికరంలో పెట్టిన కణానికి ఆ సౌకర్యం లేదు. దగ్గరలోని రక్తనాళం నుంచి ఆక్సిజన్ కేవలం విసరణ ద్వారా, పొరనూ జెల్‌నూ దాటుకుంటూ రావాలి. కణాలు కిక్కిరిసిన కణజాలంలో అది 100 నుంచి 200 మైక్రోమీటర్లకు మించి చేరదు; ఆ దారిలోనే ముందువరుస కణాలు దాన్ని వాడేసుకుంటాయి. ఒక మనిషికి చాలినన్ని కణాలు, అంటే కోట్ల సంఖ్యలో కణాలు, ఇంత పలుచని పొరల్లో పరచాలంటే పరికరం వైశాల్యం విపరీతంగా పెరుగుతుంది. చోటు కలిసివస్తుందని కణాలను దట్టంగా కూరితే లోపలి వరుసలు చనిపోతాయి. చనిపోకుండా కొన ఊపిరితో ఉన్నవి కూడా ఇన్సులిన్‌ను విడుదల చేయలేవు, ఎందుకంటే ఆ పనికి కావలసిన శక్తి ఆక్సిజన్ నుంచే రావాలి. ఎలుకలో దీన్ని దాటవేయవచ్చు. దానికి కావలసిన కణాలే తక్కువ. ఎలుకల్లో అద్భుతంగా పనిచేసిన పరికరాలు మనుషుల దగ్గరికి వచ్చేసరికి చతికిలపడటానికి ఒక ప్రధాన కారణం ఇదే, ఇందులో జీవశాస్త్రం కంటే క్షేత్రగణితమే ఎక్కువ.

రెండో అడ్డంకి పరాయి వస్తువు పట్ల శరీరం చూపే ప్రతిస్పందన. ఏ పదార్థాన్ని లోపల పెట్టినా నిమిషాల్లోనే దాని ఉపరితలానికి రక్తంలోని ప్రోటీన్లు అంటుకుంటాయి. ఆ ప్రోటీన్లను గుర్తించి భక్షక కణాలు చేరతాయి. వస్తువు మింగలేనంత పెద్దదైతే అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి మహాకణాలుగా మారతాయి, ఆపై ఫైబ్రోబ్లాస్టులనే మచ్చ కట్టే కణాలు వచ్చి కొలాజెన్ అనే ప్రోటీన్ పీచును పొరలు పొరలుగా పేరుస్తాయి. కొన్ని వారాలు గడిచేసరికి ఆ వస్తువు చుట్టూ రక్తనాళాలు అంతగా లేని మచ్చ వంటి గూడు కట్టుకుంటుంది. కీలు మార్పిడిలో వాడే లోహానికి దీనివల్ల పెద్దగా నష్టం లేదు, దానికి ఊపిరి అక్కర్లేదు కదా. లోపల సజీవ కణాలున్న గుళికకు మాత్రం ఆ గూడే సమాధి.

ఇక్కడే పదార్థశాస్త్రవేత్తలు చేసిన పని నన్ను బాగా ఆకట్టుకుంది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లాంగర్, డేనియల్ ఆండర్సన్ బృందం ఆల్జినేట్‌కు రకరకాల రసాయన సమూహాలను అతికించి 774 రూపాంతరాలను తయారుచేసి, వాటిని పరీక్షించి, ట్రయజోల్ అనే వలయాన్ని కలిగినవి కొన్ని పీచు గూడును బాగా తగ్గిస్తాయని 2016లో ప్రచురించింది. అలాంటి ఒక రూపాంతరంలో పొదిగిన మానవ మూలకణాల ఐలెట్లు, రోగనిరోధక శక్తి సవ్యంగా ఉన్న ఎలుకల్లో మందులేమీ లేకుండా 174 రోజుల పాటు చక్కెరను అదుపులో ఉంచాయి. అంతకు ముందు ఏడాది ఆ బృందమే మరో వింతను గమనించింది. రసాయనం ఒకటే అయినా, 1.5 మిల్లీమీటర్లు లేదా అంతకంటే పెద్దవైన గోళాల చుట్టూ, చిన్న గోళాల చుట్టూ కట్టినంత పీచు కట్టలేదు. వస్తువు ఆకారాన్నీ పరిమాణాన్నీ కూడా శరీరం లెక్కలోకి తీసుకుంటుందన్నమాట.

అయితే ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పీచు కట్టకూడదంటే గోళం పెద్దదిగా ఉండాలి. మధ్యలో ఉన్న కణానికి ఆక్సిజన్ అందాలంటే గోళం చిన్నదిగా ఉండాలి. ఒక షరతును తీర్చడమే రెండోదాన్ని ఉల్లంఘించడం. ఈ రంగంలోని పరాజయాలను చదివేటప్పుడు చాలామంది ఇంకా సరైన పదార్థం దొరకలేదని సరిపెట్టుకుంటారు గాని, పదార్థం ఒక్కటే దొరికినా తీరని వైరుధ్యం ఇది. మనుషుల్లో అనుభవం కూడా దీన్నే గుర్తుచేసింది: రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా-ఎ వ్యాధి ఉన్న రోగులకు ఈ కోవకే చెందిన ఆల్జినేట్ గోళాల్లో కణాలను అమర్చిన ఒక ప్రయోగం 2021లో ఆగిపోయింది. ఒక రోగిలోని గోళాలను పరిశీలించగా వాటి చుట్టూ పీచు కట్టి, లోపలి కణాలు నిర్జీవంగా కనిపించాయి.

జల్లెడ కూడా మొదట అనుకున్నంత పటిష్ఠం కాదని చెప్పుకోవాలి. వాపును పుట్టించే ఇంటర్‌ల్యూకిన్ వంటి సంకేత ప్రోటీన్లు చిన్నవి, ఇన్సులిన్ పోయే రంధ్రాల్లోంచి అవీ దూరగలవు. టి-కణం లోపలికి రాలేకపోయినా బయట నిలబడి విషం చిమ్మగలదు.

ఆక్సిజన్‌ను మనమే సరఫరా చేస్తే సరిపోతుందని కొందరు ప్రయత్నించారు. బయటి నుంచి రోజూ సూదితో ఆక్సిజన్ నింపే గదిని జోడించిన ఒక పరికరాన్ని స్వీడన్‌లోని ఉప్సలాలో నలుగురు రోగులకు అమర్చారు. కణాలు నెలల తరబడి బతికినా, 2018లో ప్రచురించిన ఫలితాల ప్రకారం అవి తయారుచేసిన ఇన్సులిన్ అత్యల్పం. ఎంఐటీ బృందం 2023లో ఇంకా చమత్కారమైన దారి పట్టింది: శరీరంలో ఎలాగూ ఉన్న నీటి ఆవిరిని ప్రోటాన్లను పోనిచ్చే ఒక పొర సాయంతో విడగొట్టి, పరికరం లోపలే ఆక్సిజన్‌ను పుట్టించింది, అందుకు కావలసిన విద్యుత్తు బయటి నుంచి తీగ లేకుండా అందుతుంది. మధుమేహమున్న ఎలుకల్లో అది నెల రోజులు చక్కెరను అదుపులో ఉంచింది. ఆక్సిజన్ పుట్టించని పరికరాలున్న ఎలుకలు సుమారు రెండు వారాలకే మళ్లీ మొదటికి వచ్చాయి. ఇంజనీరింగ్ పరంగా ఇది ముచ్చటైన పని. కానీ పీచు పట్టే జబ్బున్న పెట్టెకు ఇంకో యంత్రభాగాన్ని చేర్చినప్పుడు, చెడిపోయే అవకాశమున్న భాగాల పట్టిక కూడా పెరుగుతుందని ఒప్పుకోక తప్పదు.

ఇక పెట్టెనే వదిలేసి, కణాన్నే రోగనిరోధక వ్యవస్థకు కనిపించకుండా మారిస్తే? 2025 ఆగస్టులో వెలువడిన ఒక చిన్న నివేదిక ఈ దిశలో కీలకమైనదని నేను భావిస్తున్నాను. ఉప్సలాలోనే ఒక రోగి ముంజేతి కండరంలోకి, దాత నుంచి తీసుకుని జన్యు సవరణ చేసిన ఐలెట్ కణాలను ఇచ్చారు. పరాయివని పట్టించే హెచ్‌ఎల్‌ఏ గుర్తులను క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతితో తొలగించారు. గుర్తులు లేని కణాన్ని చంపే సహజ హంతక కణాలను, భక్షక కణాలను నిలువరించేందుకు సీడీ47 అనే ప్రోటీన్‌ను అధికంగా తయారయ్యేలా చేశారు. రోగనిరోధక శక్తిని అణచే మందు ఒక్కటీ ఇవ్వలేదు. ఇచ్చిన కణాల్లో సవరణ పూర్తయినవి, సగమే జరిగినవి, అసలు జరగనివి కలిసే ఉండటం ఒక విధంగా అదృష్టమే: తర్వాతి రెండు రకాలను శరీరం తుడిచిపెట్టింది, మొదటి రకం పన్నెండు వారాల పరిశీలనలో బతికి ఇన్సులిన్‌ను విడుదల చేస్తూనే ఉంది. ఒకే మనిషిలో, ఒకే చోట, ఒకేసారి దొరికిన పోలిక కనుక దాని విలువ ఎక్కువ. భద్రత కోసం మోతాదు తక్కువగా ఇచ్చినందువల్ల ఆ రోగి ఇంజెక్షన్లు మానలేదని కూడా చెప్పాలి. చికిత్స దొరికిందని కాదు, దారి మూసుకుపోలేదని మాత్రమే ఇది చూపింది.

దీంతో పదార్థశాస్త్రం పని అయిపోయిందని కొందరు రాస్తున్నారు. నేను ఏకీభవించను. రోగనిరోధక వ్యవస్థకు కనిపించని కణం రేపు దారితప్పి కణితిగా మారితే అప్పుడు కూడా కనిపించదు. వైరస్ సోకినా అంతే. కాలేయంలోకి ఎక్కించిన కణాలను ఏరి వెనక్కి తీయడం అసాధ్యం, చర్మం కింద ఒక చట్రంలో పెట్టినవాటిని తీసివేయవచ్చు. అందువల్ల పెట్టె పాత్ర మారుతుందని నా అంచనా. శత్రువులను ఆపే గోడగా ఉండే బాధ్యత కణం జన్యువులకు పోతుంది. పదార్థానికి మిగిలేది అంతకంటే సాధ్యమైన పని: రక్తనాళాలను లోపలికి రానిచ్చే పెద్ద రంధ్రాల వల, కణాలను గుత్తులు కట్టకుండా పలుచగా పరచి ఉంచే ఆధారం, అవసరమైతే మొత్తంగా బయటికి తీయగల పట్టు. రక్తనాళాలు లోపలికి వస్తే ఆక్సిజన్ చిక్కు చాలావరకు సడలుతుంది, అది సడలితే గోళం పరిమాణపు వైరుధ్యమూ అంతగా బాధించదు.

మార్చిలో ప్రయోగాన్ని ఆపినప్పుడు, రోగుల నుంచి వెలికితీసిన పరికరాలను విశ్లేషిస్తామని వెర్టెక్స్ చెప్పింది. ఈ రంగంలో వచ్చే ఏ పత్రంలోనైనా చక్కెర రేఖాచిత్రాల కంటే ముందు నేను వెతికేది ఆ విశ్లేషణ వంటిదాన్నే: పరికరం చుట్టూ కొలాజెన్ పొర మందం ఎంత, దగ్గరి రక్తనాళం ఎన్ని మైక్రోమీటర్ల దూరంలో ఉంది, పొర నుంచి ఎంత లోతు వరకు కణాలు బతికి ఉన్నాయి, ఆ కొలతలు ఎన్నో నెలలో తీసుకున్నవి, ఎలుకలోనా మనిషిలోనా.