మూడో నెలలో వచ్చేవాళ్లు

టమోటా మండీలో లెక్కలు రాసేవాడు దగ్గితే ఎవరూ తిరిగి చూడరు. సీజన్‌లో తెల్లారకముందే మొదలయ్యే లారీల పొగ, దుమ్ము అలాంటివి. కానీ సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, రాత్రి దుప్పటి తడిసేంత చెమట, నడుము దగ్గర ప్యాంటు వదులు. ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి నాకు టీబీ అన్నారు.

మదనపల్లె వాళ్లకు ఈ జబ్బు కొత్త కాదు. ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. రకరకాల క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి 1912-15 మధ్య అక్కడ క్షయ శానిటోరియం, అంటే రోగులు ఉండి చికిత్స చేయించుకునే ఆసుపత్రి, కట్టాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ దాన్ని ఏళ్ల తరబడి నడిపాడు. అప్పటికి టీబీకి మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ బయటపడింది 1943లో. అన్నేళ్లూ అక్కడివాళ్లు గాలి, విశ్రాంతి, మంచి తిండి, అవసరమైతే ఆపరేషన్, వీటితోనే నెట్టుకొచ్చారు. ఆ తర్వాత మద్రాసులో జరిగిన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో తేల్చింది. అందుకే నా చేతిలో మాత్రల అట్టలు పెట్టి ఇంటికి పంపారు. మరి శానిటోరియంలో నర్సమ్మ చేసే పని ఇంట్లో ఎవరు చేస్తారు?

మొదటి నెల జనానికి కొదవ లేదు. మా చర్చి వాళ్లు వంతులవారీగా వచ్చారు. పళ్లు, హార్లిక్స్, ప్రార్థన. కొందరు గుమ్మం దగ్గరే నిలబడి చేతులు జోడించి వెళ్లారు. వాళ్ల భయం నాకు అర్థమైంది. అర్థం కానిది ఇంకో రకం. ఎవరో బంధువు వెంట వేరే ఊరి నుంచి వచ్చిన ఒకాయన "బ్రదర్, లోపల ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో చూసుకో" అన్నాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు అడిగిన ప్రశ్నా ఇదే. వాడు గానీ వాడి తల్లిదండ్రులు గానీ పాపం చేయలేదని యేసు ఇచ్చిన జవాబు ఆయనకు తెలియకుండా ఉండదు. పోతూ పోతూ, విశ్వాసం ఉంటే మాత్రలు పక్కన పెట్టమని కూడా చెప్పాడు.

ఆ మాట మా వీధి చివర ఇడ్లీలు అమ్మే పెద్దమ్మ చెవిన పడింది. ఆమె మా చర్చి స్త్రీల సమాజంలో మనిషి. సాయంత్రం వచ్చి మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"ప్రార్థన చేసుకుందాం నాయనా. ముందు మాత్రలు మింగినావా?"

"మింగినాను పెద్దమ్మా."

"దేవుడు స్వస్థత ఇస్తాడు. ఇచ్చేది ఈ అట్టలో పెట్టి ఇస్తున్నాడు. ఎవరేమన్నా నిలిపేయొద్దు."

తర్వాత ఆమె ఆశా కార్యకర్తతో మాట్లాడి, నేను రోజూ మందు వేసుకునేది చూసే బాధ్యత తానే తీసుకుంది. నా బరువుకి రోజుకు నాలుగు మాత్రలు. ఇటుక రంగులో ఉంటాయి, గొంతులో అడ్డం పడతాయి, కాసేపటికి కడుపులో తిప్పుతుంది. మూత్రం నారింజ రంగులో వస్తుంది. డాక్టరు ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే రక్తమనుకుని హడలిపోయేవాణ్ని.

రెండో నెల చివర కళ్లె పరీక్షలో క్రిములు కనిపించలేదు. ఆకలి తిరిగొచ్చింది, దగ్గు పోయింది. అసలు ముప్పు అప్పుడే మొదలవుతుంది. ఒళ్లు బాగైపోయిందంటుంది, మాత్ర చూస్తే వాంతి వచ్చేలా ఉంటుంది. మధ్యలో ఆపితే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. కోర్సు మొత్తం ఆరు నెలలు. మూడో నెలకి మనం ఎవరికీ కబురు కాదు. చర్చిలో ప్రార్థన మనవుల్లో నా పేరు చదవడం మానేశారు, అది న్యాయమే, అంతకంటే కష్టంలో ఉన్నవాళ్లు ఉన్నారు. పెద్దమ్మ మాత్రం ఇడ్లీ పని ముగించుకుని, ఉడికించిన గుడ్డు స్టీలు గిన్నెలో పెట్టుకుని వచ్చేది. నేను విసుక్కున్న రోజు కూడా "సరే, తిట్టుకో, మింగి తిట్టుకో" అనేది. కీర్తన ఒకటి పాడేది. గొంతు శ్రావ్యంగా ఏమీ ఉండదు. గోడ అవతలి వాళ్లు టీవీ సౌండ్ పెంచేవారు.

కోర్సు పూర్తయి మండీకి తిరిగి వెళ్లాక, మా స్త్రీల సమాజం నిక్షయ్ మిత్రగా పేరు నమోదు చేయించుకుంది. 2022లో మొదలైన ఈ పథకంలో సంఘాలైనా, మనుషులైనా టీబీ రోగికి నెలనెలా పోషకాహారం ఇవ్వొచ్చు. పప్పు, నూనె, వేరుశనగలు మూట కట్టడం వాళ్ల వంతు, మోసుకెళ్లడం నా వంతు. ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే పోషణ డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి అయింది. దానికి కాగితాలు సరిగా లేనివాళ్ల వెంట బ్యాంకుకి కూడా వెళ్తుంటాను. ఇంట్లో అందరికీ పరీక్ష చేయించారా అని అడుగుతాను. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు, ఇది గాలి ద్వారా అంటుకునే జబ్బు, కిటికీలు తెరిచి పెట్టండని చెబుతాను. కావాలనే నేను ఎక్కువగా వెళ్లేది మూడో నెల దాటినవాళ్ల దగ్గరికి.

ఇప్పుడు మా మండీలోనే ఒక హమాలీ కుర్రాడు నాలుగో నెలలో ఉన్నాడు. ముస్లింల అబ్బాయి. మొన్న మాత్రలు చేతిలో పట్టుకుని అడిగాడు.

"అన్నా, ఇదంతా ఎందుకు చేస్తావు? మీ చర్చికి రమ్మంటావా?"

నా సంగతి అంతా చెప్పాను. యేసు నన్ను వదల్లేదని నమ్ముతున్నాననీ, ఆ సంగతి నాకు పెద్దమ్మ గిన్నెతో సహా అర్థమైందనీ చెప్పాను. దాచడానికేముంది, అడిగాడు కాబట్టి చెప్పాను. వస్తే సంతోషం, రాకపోయినా రేపు గుడ్డు తెస్తానన్నాను.

"రేపు తేవద్దులే అన్నా, మా అమ్మ బిర్యానీ చేస్తోంది. నువ్వే మా ఇంటికి రా."

"వస్తాను. ముందు అవి మింగు."