ఫెయిత్ రింగోల్డ్ బొమ్మ ముందు

న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్)లో నల్లజాతి అమెరికన్ చిత్రకారిణి ఫెయిత్ రింగోల్డ్ వేసిన 'డై' (అంటే చచ్చిపో) చూశాను. 1967 నాటిది. నల్లవాళ్ల ఆగ్రహంతో అమెరికాలో నెవార్క్, డెట్రాయిట్ నగరాలు అట్టుడికిన ఏడాది. ఆరడుగుల ఎత్తు, పన్నెండడుగుల వెడల్పు, మీద పడుతున్నట్టే ఉంది. సూట్లేసుకున్న మగవాళ్లు, మంచి గౌన్లలో ఆడవాళ్లు, నల్లా తెల్లా కలగలిసి, అంతా నెత్తురే. ఎవరు ఎవర్ని కొడుతున్నారో ఎంతసేపు చూసినా తేలదు. నడిమధ్యన ఇద్దరు పసివాళ్లు, ఒకరు నల్ల, ఒకరు తెల్ల, ఒకర్నొకరు హత్తుకుని ఉన్నారు. నా చూపు అక్కడే ఆగిపోయింది.

యుద్ధ ఘోరం మీద పికాసో వేసిన పెద్ద బొమ్మ 'గెర్నికా' అప్పట్లో ఈ మ్యూజియంలోనే ఉండేది. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట హార్లెంలో పుట్టిన రింగోల్డ్ వచ్చి దాన్ని చూస్తుండేవారు. తర్వాత నల్ల కళాకారులకు చోటేదని మ్యూజియంల మీద పోరాడారు. 1970లో అమెరికా జెండాతో చేసిన కళాకృతుల ప్రదర్శన పెట్టినందుకు అరెస్టయ్యారు కూడా. మరి మోమా ఈ బొమ్మ కొన్నదెప్పుడు? 2016లో! అప్పటికి ఆవిడకి ఎనభై అయిదు దాటాయి. ఇంత తీరిక పెద్ద సంస్థలకే చెల్లు.

"ఇలాంటిది హాల్లో ఎవరు పెట్టుకుంటారే?" అన్నాడు మా బావ.

"హాల్లో పెట్టుకోడానికి వేసినట్టుందా బావా?" అన్నాను. ఆ తర్వాత నాకంటే ఎక్కువసేపు అక్కడే నిలబడ్డాడు.