జామకాయ మీద ఎర్ర మరక

మాది పొదిలి. మా వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళే తాగి పెరిగిన నాలాంటి వాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు చారలు ఉంటాయి. అందుకే నోట్లో ఏ తేడా వచ్చినా నీళ్ళ మీదకి నెట్టేయడం మాకు అలవాటు. నేనూ అదే చేశాను.

2022లో నాకు 44 ఏళ్ళు. బ్రష్ చేసి ఉమ్మితే నురగ ఎర్రగా వచ్చేది. రక్తం వస్తోందని ఆ వైపు తోమడమే మానేశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి. తోమకపోతే పాచి పేరుకుని గార కడుతుంది, దాంతో చిగురు ఇంకా వాస్తుంది. నొప్పి మాత్రం లేదు. ఉండుంటే ముందే వెళ్ళేదాన్ని.

ఒకరోజు జామకాయ కొరికితే ముక్క మీద రక్తం. మా పాప చూసి హడలిపోయింది. అద్దం ముందు నిలబడి కింది ముందుపన్నును నాలుకతో తోశాను, కదిలింది. నోటి వాసన గురించి మా ఆయన కూడా అప్పుడే చెప్పలేక చెప్పారు.

ఒంగోలులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, చారలు నీళ్ళ వల్లే. రక్తం కారడం, పన్ను కదలడం మాత్రం చిగుళ్ళ జబ్బు" అన్నారు. గీతలున్న సన్నటి పుల్లతో ఒక్కో పంటి చుట్టూ చిగురు లోతు కొలిచారు. 3 మిల్లీమీటర్ల దాకా మామూలేనట. నాకు వెనక పళ్ళ దగ్గర 6, ఒకచోట 8. ఎక్స్‌రేలో ఎముక కరిగింది కనబడింది.

"షుగర్ ఉందా?" అని అడిగారు. లేదన్నాను. పరీక్ష చేయిస్తే, గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే హెచ్‌బీఏ1సీ 9.2! షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళ వాపు ఉంటే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

"క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళు కూడా వదులవుతాయే" అని అత్తమ్మ వద్దన్నారు. డాక్టరమ్మను అడిగాను. పన్ను వదులయ్యేది ఎముక తగ్గడం వల్లనట. చుట్టూ గార బిగిసి ఉన్నంతకాలం అది గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది, అంతే.

మత్తు ఇంజక్షన్ ఇచ్చి ఒక వారం కుడివైపు, మరో వారం ఎడమవైపు చిగురు లోపల పంటి వేళ్ళ దాకా శుభ్రం చేశారు. తర్వాత కొన్నాళ్ళు చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనేది. వాపు తగ్గేసరికి పళ్ళ మధ్య సందులు బయటపడ్డాయి, చూసి ఏడ్చాను. ఆ సందుల్లో తోమడానికి చిన్న బ్రష్‌లు ఇచ్చారు. రాత్రి పూట అది మాననే మానను.

రెండు నెలలకు మళ్ళీ కొలిస్తే 6 ఉన్నచోట 4. రక్తం ఆగింది. షుగర్ మాత్రలు వాడుతున్నాను. 8 ఉన్న దవడ పన్ను దక్కలేదు, తీసేశారు. కరిగిన ఎముక తిరిగి రాలేదు. మూడు నెలలకోసారి ఒంగోలు బస్సెక్కుతున్నాను.

కదిలే ముందుపన్నును పక్క పళ్ళతో కలిపి లోపలి వైపు సన్నటి తీగ కట్టారు. జామకాయ ఇప్పుడు ముక్కలు కోసుకుని తింటున్నాను.