గంప మోసినవాళ్ళు

డాలస్ నుంచి హ్యూస్టన్‌కు ఇంటర్‌స్టేట్ 45 మీద దాదాపు 240 మైళ్ళు. శనివారం పొద్దున ఏడింటికల్లా పెళ్ళికూతురి ముస్తాబు ఫొటోలు మొదలుపెట్టాలి కాబట్టి మేము శుక్రవారం రాత్రే బయలుదేరతాము. వెనుక సీట్లో లైటు స్టాండ్లు, నా కాళ్ళ దగ్గర కెమెరా సంచి, స్టీరింగు దగ్గర నా స్నేహితుడు ఉంటారు. సగం దారి దాటాక మాడిసన్‌విల్‌లోని బకీస్ అనే పెద్ద పెట్రోలు బంకులో ఆగి కాఫీ తాగడం మాకు ఆనవాయితీ. అతను మెక్సికన్ కుటుంబంలో డాలస్‌లోనే పుట్టి పెరిగినవాడు. నేను తెనాలిలో ఒక ఫొటో స్టూడియోలో పదేళ్ళు పనిచేసి వచ్చినవాణ్ణి. ఇద్దరం కలిసి తెలుగువారి పెళ్ళిళ్ళు తీస్తాము.

నేను 2013లో మా ఆవిడ ఉద్యోగం కారణంగా ఈ దేశం వచ్చాను. ఆమెది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆమె భర్తగా వచ్చిన హెచ్-4. హెచ్-4 మీద వచ్చినవారు అప్పట్లో ఇక్కడ ఒక్క డాలరు కూడా సంపాదించకూడదు. ఆమె ఆఫీసుకు వెళ్ళాక గిన్నెలు తోమి, కూర వండి, అల్మారాలోంచి కెమెరా తీసి, లెన్సు తుడిచి మళ్ళీ లోపల పెట్టేవాణ్ణి. వారాంతపు విందుల్లో ఎవరో ఒకరు మర్యాదగానే "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగేవారు, అడిగిన ప్రతిసారీ ప్లేటులో వడ్డించుకోవడానికి నాకేదో ఒకటి గుర్తొచ్చేది. 2015 మే నెలలో నిబంధన మారి, గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వచ్చినవారి భార్యకో భర్తకో పని అనుమతి ఇవ్వడం మొదలైంది. నా కార్డు ఆ మరుసటి ఏడాది చేతికి వచ్చింది.

అతను పరిచయమైంది ఆ కార్డు రాక ముందే. వైట్ రాక్ చెరువు గట్టున నడుస్తూ ఉంటే, పెద్ద గులాబీరంగు గౌను వేసుకున్న ఒక అమ్మాయినీ, గాలికి ఎగిరిపోతున్న రిఫ్లెక్టర్‌తో కుస్తీ పడుతున్న ఒక ఫొటోగ్రాఫర్‌నూ చూశాను. అడగకుండానే వెళ్ళి రిఫ్లెక్టర్ పట్టుకుని, అమ్మాయి ముఖం మీదికి వెలుగు తిప్పాను. అతను నన్ను కాకుండా నా చేతులను చూసి, "నువ్వు ఈ పనివాడివే కదా" అన్నాడు. మెక్సికన్ కుటుంబాల్లో ఆడపిల్లకు పదిహేనేళ్ళు నిండితే క్విన్సియానెరా అని వేడుక చేస్తారు, అతను ఎక్కువగా తీసేవి అవే. మన పుష్పవతి ఫంక్షన్ల గురించి చెప్పినప్పుడు అతనికి పెద్దగా వివరించవలసిన అవసరం రాలేదు.

మన పెళ్ళి తంతును మాత్రం ఒక కాగితం మీద వరుసగా రాసి ఇచ్చాను. వాళ్ళ పెళ్ళిలో వధూవరుల భుజాల మీదుగా లాసో అనే దండ వేసి ఇద్దరినీ కలుపుతారట. వరుడు వధువు చేతిలో పదమూడు నాణేలు పోస్తాడట. అందుకని బ్రహ్మముడి అతనికి ఇట్టే అర్థమైంది. అర్థం కానిది జీలకర్ర బెల్లమే. అంతసేపు అడ్డుతెర పట్టుకుని, ఇంత చిన్న ముద్ద నెత్తిన పెట్టడమే అసలు పెళ్ళి అంటే అతను నమ్మలేదు. మొదటి పెళ్ళిలోనే నమ్మవలసి వచ్చింది. సరిగ్గా తెర తీసే వేళకు పెళ్ళికొడుకు స్నేహితుడొకరు ఫోను చేత్తో పట్టుకుని నా లెన్సుకు అడ్డంగా లేచి నిలబడ్డారు. నా కెమెరాలో పడిందల్లా ఆయన మోచెయ్యి. పురోహితుడిని మళ్ళీ చేయించమనడం నాకు చేతకాని పని, చేయించకూడని పని కూడా. అతను అప్పటికే మండపం అవతలి మూల నేల మీద కూర్చుని, పెళ్ళికూతురి కళ్ళు పైకి లేచిన క్షణాన్ని పట్టుకున్నాడు. ఆ తరువాత నా దగ్గర ఒకే ఒక వాక్యం నేర్చుకున్నాడు: "కొంచెం జరగండి." ఆ యాసకు నవ్వి అందరూ జరుగుతారు. నేను అంటే మాత్రం జరగరు.

ఇక్కడి పెళ్ళిళ్ళకు ముహూర్తం పంచాంగం ఎంత పెడుతుందో హాలు అద్దె కూడా అంతే పెడుతుంది. తెల్లవారుజాము లగ్నాలు చాలా అరుదు. శనివారం పదింటికో పదకొండింటికో, ఇండియాలో పెద్దవాళ్ళు రాత్రి భోజనాలు ముగించి ఫోన్లలో చూడగలిగే వేళకు పెడతారు. హోటళ్ళవారు పది లక్షల డాలర్ల బీమా కాగితం చూపిస్తే గాని మమ్మల్ని లోపలికి రానివ్వరు, హోమం పొగకు అలారం మోగుతుందేమోనని ఒక ఉద్యోగి పక్కనే కాపలా ఉంటాడు. టెక్సస్‌లో ఫొటోల బిల్లు మీద 8.25 శాతం దాకా అమ్మకం పన్ను వేయాలి. "పెళ్ళి ఫొటోలకు కూడా పన్నేమిటండీ?" అని అడగని పెళ్ళిపెద్దను నేను ఇంతవరకూ చూడలేదు.

ఒక హ్యూస్టన్ పెళ్ళిలో పెళ్ళికూతురి మేనమామకు వీసా రాలేదు. గంపలో అమ్మాయిని మండపానికి తేవలసినవాడు ఆయనే. గంప కూడా లేదు. బట్టలు వేసుకునే పెద్ద వెదురు బుట్టకు బంతిపూలు చుట్టారు. పెళ్ళికూతురి తండ్రి ఈ దేశం వచ్చిన కొత్తలో ఆయనతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడు పంచె ఎగగట్టి ముందుకు వచ్చారు. నడుము నొప్పి ఉన్న మనిషి, పదడుగులు మోసి ఆగి, మళ్ళీ మోశారు. నేను దాన్ని మామూలు అలవాటుతోనే తీశాను. నా దృష్టి అంతా ఆ బుట్ట కంచు దీపాలకు తగులుతుందేమోనని. మరునాడు ఫొటోలు ఏరుతున్నప్పుడు చూశాను: ఆ పెద్దాయన చెమటతో ఉన్నారు, వెనుక ఎవరో ఎత్తిపట్టిన ఫోను తెరలో అసలు మేనమామ ముఖం వేలిగోరంత కనిపిస్తోంది. ఆ ఫోను మీద ఫోకస్ పెట్టిన ఫ్రేము ఒక్కటి కూడా నా దగ్గర లేదు. ఆ నష్టం నాకు ఇప్పటికీ గుర్తుకు వస్తుంది.

నా ఆల్బములన్నీ తెనాలిలో తయారవుతాయి. స్టూడియోలో నాతో పాటు పని నేర్చుకున్న స్నేహితుడు ఇప్పుడు సొంతంగా దుకాణం పెట్టుకుని, నేను ఆదివారం రాత్రి పంపిన ఫొటోలను తన సోమవారం పగలు 12×36 అంగుళాల షీట్లలో పేరుస్తాడు. 2022 మాఘమాసంలో మా అక్క కూతురి పెళ్ళి తెనాలిలోనే జరిగింది. నా పాస్‌పోర్టులో వీసా ముద్ర గడువు తీరింది, వెళితే తిరిగి రావడానికి కాన్సులేటులో అపాయింట్‌మెంటు దొరకడం లేదు. ఫొటోల పని ఆ తెనాలి స్నేహితుడే ఒప్పుకున్నాడు. అక్కడ తెల్లవారుజామున 3 గంటల 10 నిమిషాలకు ముహూర్తం. ఇక్కడ అంతకు ముందు రోజు మధ్యాహ్నం 3:40. ఆ రోజు సాయంత్రం డాలస్‌లో ఒక రిసెప్షన్ ఉంది. హోటలు నడవలో లైటు స్టాండుకు ఫోను బిగించుకుని నిలబడితే, నా జతగాడు తెర వైపు ఒకసారి చూసి "బుట్టా?" అని అడిగాడు. అవునన్నాను. హాలు అలంకరణ ఫొటోలు తాను తీస్తానని చెప్పి, నా చేతిలోని కెమెరా కూడా తీసుకుని లోపలికి వెళ్ళాడు.

తెరలో గంప దగ్గర కాసేపు గందరగోళంగా ఉంది. మా అక్క ఎవరినో పిలుస్తోంది. అప్పుడు వాడు మెడలోంచి కెమెరా తీసి పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టి, తువ్వాలు నడుముకు చుట్టుకుని, వంగి గంప ఎత్తాడు. నేను ఎత్తవలసిన గంప అది. కుర్రాడికి ఆ కెమెరా కొత్త.

నెల తరువాత ఆల్బము షీట్లు నాకు చూడమని పంపాడు. గంప ఫొటో పదిహేడో షీటులో ఒక మూల తపాలా బిళ్ళంత ఉంది: వంకరగా, ఒక పక్క వీడియో లైటు తెల్లగా మండిపోతూ, వాడి వీపూ మా అమ్మాయి చేతిలోని కొబ్బరిబొండమూ మాత్రమే తెలిసేటట్టు. ఫోను చేసి దాన్ని షీటు నిండా వెయ్యమన్నాను.

"ఫోకస్ లేదురా, ప్రింటులో చెడుతుంది" అన్నాడు.

"వెయ్యి" అన్నాను.